దొర తుపాకి, అవ్వ సానరాయి

మా ఇంట్లో తుపాకికి తలంటి పోసేవాళ్ళు.

ఏడాదికొకసారి, ఆయుధపూజ నాడు. మడకలు, కొడవళ్ళు, గడ్డపారలు, నాయన సైకిలు, అమ్మ కత్తిపీట, అన్నీ బోరింగు పక్కనున్న బండ మీదికి వచ్చేవి. వాటికి రెండు చెంబుల నీళ్ళు పోసి, తుడిచి, బొట్టు పెడితే అయిపోయేది. తుపాకికి మాత్రం రాజభోగం. అవ్వ ముందురోజే పాత చింతపండు నానబెట్టేది. ఇటుక ముక్కలు దంచి, ఆ పొడిని పలచటి గుడ్డలో జల్లించేది. నాళాల మూతుల్లో గుడ్డలు కుక్కి, కాళ్ళు చాచి కూచుని, చంటిబిడ్డకు నీళ్ళు పోసినట్టు తుపాకిని కాళ్ళ మీద పడుకోబెట్టుకునేది. చింతపండు గిన్నె నా చేతిలో ఉండేది. ఆమె చెయ్యి చాపినప్పుడల్లా ఇంత గుజ్జు తీసి పెట్టడమే నా ఉద్యోగం.

ఆ పొద్దున్నలు నాకు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనబడతాయి. ఏ ఏడాదిదో చెప్పమంటే చెప్పలేను. మిద్దె మీద ఆరబోసిన శెనక్కాయల పచ్చి వాసన, పులుపు వాసన, ఇనుము వాసన. పైన తెల్లటి మబ్బులు, మా ఊరు వాటికేదో బాకీ ఉన్నట్టు మొహం తిప్పుకుని కన్నడ దేశం వైపు పోతూ ఉండేవి. అవ్వ చెయ్యి అదే పనిగా ముందుకూ వెనక్కూ పోయేది. చూస్తూ చూస్తూ నేను కూచున్నచోటనే నిద్రపోయేదాన్ని.

అంతా తోమాక అవ్వ సానరాయి తీసేది. కొడవళ్ళకు పదును పెట్టే రాయి. రెండు నాళాలూ కలిసే చోట, నడుమ పట్టీ మీద, జానెడు మేర మాత్రం ఆ రాయితో రుద్దేది. తుప్పేమో అనుకునేదాన్ని. ఆ పని నాకు ఇవ్వమంటే ఇచ్చేది కాదు. తాత అరుగు మీద కూచుని, బీడీ చేతిలోనే ఆరిపోతున్నా పట్టించుకోకుండా, ఆమె రుద్దడం చూసేవాడు. ఒక్కనాడూ ఏమీ అనలేదు.

అది ముందునుంచి మందు పోసి, గజం అనే ఇనుప కడ్డీతో కూరి కాల్చే జోడు నాళాల తుపాకి. తెల్లదొరలు మూటాముల్లే సర్దుకుంటున్న రోజుల్లో, గుత్తిలో ఒక దొర తన బంగళా సామానంతా వేలం వేస్తే తాత కొన్నాడట. కొనడానికి ఆయన దగ్గర చిల్లిగవ్వ లేదు. అవ్వ మెడలో కాసులదండ ఉంది. పుట్టింటివాళ్ళు పెట్టింది. చేలో అడవిపందులు పడి శెనక్కాయంతా తవ్విపోస్తున్నాయి, తుపాకి లేకపోతే బతుకు లేదు అన్నాడట. అవ్వ దండ తీసి చేతిలో పెట్టింది. ఈ కథ ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు, చివర ఆమె వైపు తిరిగి ఒకే మాట అనేవాడు.

"నీ కాసులదండ యాడికీ పోలేదే. లండన్ తుపాకై గోడకు ఏలాడతాండాది. ఏ పొద్దు అమ్మినా దండకు రెండు దండలు వస్తాయి."

అవ్వ తల వంచుకుని తన పని తాను చేసుకునేది. నాకు ఒళ్ళు మండేది. పందుల పేరు చెప్పి ఆడమనిషి మెడ బోసి చేసి, పైగా దాన్ని గొప్పగా చెప్పుకోవడం ఒకటా అని. పోనీ ఆ పందినైనా కొట్టాడా అంటే, మా తాత కొట్టిన పందిని చూసిన మనిషి ఊళ్ళో లేడు. తుపాకి మోగితే పందులు పారిపోయేవి, అంతవరకే. నాకు బాగా గుర్తున్నది ఒక్క కాల్పు. వరసగా వానలు ఎగ్గొట్టిన ఒక శ్రావణంలో, నల్లటి మబ్బొకటి చేని మీదికి వచ్చి, నిలబడి, మళ్ళీ కదిలి పోతుంటే తాత పరుగెత్తుకుంటూ ఇంట్లోకి వచ్చి తుపాకి తీసుకెళ్ళి దాని మీదికి కాల్చాడు. పొగ చాలాసేపు ఆయన తల చుట్టూ ఆగింది. మబ్బు ఆగలేదు. "పోతే పో, నీ యబ్బ సొమ్మేం పోయింది" అని దాన్ని తిట్టి ఇంట్లోకి వచ్చాడు. అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు ఆ పొగ, దాని కింద ఆ బట్టతల గుర్తొస్తే నవ్వు రాదు.

తొంభైల చివర్లో తాత పోయాడు. చేని గట్టునే సమాధి చేశాం. దినాలు కాగానే స్టేషన్ నుంచి కబురొచ్చింది. లైసెన్సు ఉన్న మనిషి లేడు కాబట్టి, కొడుకు తన పేరుకు మార్పించుకోవాలి, లేదంటే పట్నంలో తుపాకులమ్మే దుకాణానికి అప్పజెప్పాలి. నాయనకు ఆ పీడ వద్దు. ముఠా కక్షల ఆ రోజుల్లో మా వైపు ఇంట్లో తుపాకి ఉందంటే ఊళ్ళో ఒక రకంగా చూస్తారు, స్టేషన్లో ఇంకో రకంగా చూస్తారు. ఎలక్షన్ వచ్చిన ప్రతిసారీ మోసుకుపోయి స్టేషన్లో పెట్టాలి, మళ్ళీ తెచ్చుకోవాలి. పైగా కిందటేడు బోరు ఎండిపోయింది. తాత చెప్పినట్టు అది నిజంగా దొర సరుకైతే ఇంకో బోరు వేయించుకోవచ్చునని నాయన ఆశ. విలువ కట్టించి అమ్మేద్దాం అన్నాడు.

అవ్వ అడ్డం పడింది.

"దాన్ని ఎవురికీ సూపియ్యను. నేను సచ్చినంక మీ ఇష్టం."

"ఊరికే సూపిస్తే ఏం పోతాదమ్మా? సూసినంత మాత్రాన కరిగిపోతాదా?"

"సూపియ్యనంటే సూపియ్యను."

మొగుడి జ్ఞాపకం, వదులుకోలేకపోతోంది అనుకున్నాం. అమ్మ జాలిపడింది. నేను అప్పుడు అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను, జాలి కంటే కోపం ఎక్కువ నాకు. మెడ బోసి చేసిన వస్తువును పట్టుకుని వేలాడడమేమిటని ఆమెను దెప్పాను కూడా. అవ్వ నా మాట గాలికి వదిలేసింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, అంతే.

చివరికి స్టేషన్‌వాళ్ళు గడువు పెట్టేసరికి ఆమెకు దారి లేకపోయింది. ఒప్పుకుంది గానీ ఒక మెలిక పెట్టింది. తుపాకి తానే తీసుకెళ్తుంది, తోడు నేను రావాలి. నాయన కాగితాల పని మీద కలెక్టరాఫీసుకు ముందు బస్సులో వెళ్ళాలి, ఆ పని చూసుకుని దుకాణం దగ్గరికి రావాలి. ఎందుకిలా అని ఎవరూ అడగలేదు. ఒప్పుకోవడమే పదివేలు.

అవ్వ తుపాకిని తన పెళ్ళినాటి పట్టుచీర ముక్కలో చుట్టి, పైన గోనెపట్టా కట్టి, స్టేషన్ చీటీని రవికెలో దోపుకుని బస్సెక్కింది. కిటికీ పక్కన దాన్ని నిలబెట్టి చెయ్యి వేసి పట్టుకుంది. కండక్టరు వచ్చాడు.

"ఏముండాదవ్వా ఆ మూటలో?"

"మా ఇంటాయన."

"అట్లయితే ఆయనక్కూడా టికెట్టు తీయాల."

"ముసిలోడప్పా, సగం టికెట్టు కొట్టు" అంది అవ్వ. బస్సంతా నవ్వింది. నేను సిగ్గుతో తల కిటికీ వైపు తిప్పుకున్నాను.

శింగనమల చెరువు దాటుతోంది బస్సు. చెరువంటే పేరుకే. ఆ ఏడాది కనుచూపు మేరా బీటలు వారిన మట్టి, సర్కారు తుమ్మ, వాటి నడుమ ఎండకు నీళ్ళలా కదిలే గాలి. చూస్తుంటే నిజంగానే నీళ్ళున్నాయేమో, మనమే మరిచిపోయామేమో అనిపిస్తుంది. బస్సులో సగం మంది కునుకు తీస్తున్నారు. నాకూ కళ్ళు మూతపడుతున్నాయి. అప్పుడు అవ్వ నా చెవి దగ్గర మాట్లాడింది.

"పాపా, నీకొక మాట చెప్తా. మీ నాయనకు తెలియగూడదు. ఇది దొర తుపాకి గాదు."

నిద్ర ఎగిరిపోయింది.

నాయన ఇంకా పుట్టకముందు జరిగిన సంగతి. ఏదో ఎలక్షన్‌కు తుపాకి స్టేషన్లో పెట్టడానికి తాత వెళ్తుంటే, సంతకని అవ్వ కూడా బండిలో వెళ్ళింది. స్టేషన్ కిటికీ కింద బండిలోనే కూచుంది. లోపల ఇన్‌స్పెక్టరు తుపాకి చేతిలోకి తీసుకుని, నాళాల నడుమ పట్టీ మీద చెక్కిన పేరు చూసి పెద్దగా నవ్వాడట. ఇది లండన్‌ది కాదు, ఎవడో బజారు కమ్మరి పైన తెల్లోడి పేరు చెక్కి నీకు అంటగట్టాడు, నీలాంటి అమాయకుల కోసమే ఇవి తయారుచేస్తారు అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారట.

"మీ తాత బయటికొచ్చినాడు. ఏమన్నాడని అడిగితి. ఇట్లాంటి సరుకు తాలూకాలోనే లేదన్నాడు అని చెప్పినాడు. నవ్వుకుంటా చెప్పినాడు పాపా. నేను ఇన్న్యానని తెలిస్తే ఆ మనిషి నా మొగం సూడగలడా? నా దండ అమ్మి కొన్న్యాడు గదా."

"అందుకని?"

"అందుకని ఆ ఏడు దసరాకు సానరాయి పట్టుకున్న్యా. పేరు ఉంటేనే గదా ఎవుడన్నా నవ్వేది."

చింతపండు గిన్నె పట్టుకుని ఆ బండ మీద నిద్రపోయిన పొద్దున్నలన్నీ ఒక్కసారి లేచి కూచున్నట్టయింది. అన్నేళ్ళు ఆమె తుప్పు వదిలించలేదు. మొగుడి అవమానాన్ని వదిలించింది. అరుగు మీద కూచుని ఆయన చూస్తూ ఉండేది కూడా దాన్నే. ఆమెకు తెలుసని ఆయనకు తెలుసో లేదో, ఇప్పటికీ నాకు తెలియదు.

"ఇప్పుడు ఆ దుకాణమాయన కూడా నకిలీదే అంటాడు. అంటే అననీ. మీ నాయన ముందర అనకుండా నువ్వు సూడు. కొడుకు దగ్గర మీ తాత తెలివిమాలినోడు కాగూడదు. సదువుకున్నదానివి, నీట్‌గా చెప్పు ఆయనకు."

అలాగే అన్నాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె మీద మండిపడినందుకు కాదు, ఊరికే పట్టుకోవాలనిపించింది.

దుకాణంలో చల్లగా, చీకటిగా ఉంది. గోడ పొడుగునా కొత్త తుపాకులు నిలబెట్టి ఉన్నాయి. దుకాణం యజమాని అత్తరు పూసుకుని, తెల్ల జుబ్బా వేసుకుని, మెడలో ఒక కళ్ళజోడు, ముక్కు మీద ఒక కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన. ఒకప్పుడు తాను ఎన్ని చిరుతల్ని కొట్టాడో చెప్పడానికి మనిషి దొరికాడని సంతోషపడ్డాడు. నేను పక్కకు పిలిచి రహస్యంగా చెప్పాలనుకునేలోపే అవ్వ మూట విప్పింది, ఆయన ఒక్క చూపు చూసి పెదవి విరిచాడు.

"నాటు సరుకమ్మా. పేరు లేదు, ఊరు లేదు. ఇంత తెల్లగా తోమిన ఇనుము సూస్తేనే తెలుస్తాది. గోడకు తగిలిచ్చుకోనీకి బాగుంటాది."

అవ్వ తల వంచుకుంది. ఇన్నేళ్ళుగా ఎవరి నోటా రాకూడదనుకున్న మాట, లోపలికి వచ్చి కూచోకముందే వినాల్సి వచ్చింది. చిన్నదైపోయినట్టు కనిపించింది ఆమె. నాకు ఆయన మీద ఎక్కడలేని కోపం వచ్చింది.

"విప్పి చూడకుండానే ఎట్లా చెబుతారు? మీకు పైపైన చూసే అలవాటేమో" అన్నాను.

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. "ఏమ్మా, నాకు నేర్పిచ్చేదానివా నువ్వు?" అంటూ తుపాకిని బల్ల మీద పడుకోబెట్టాడు. నాళాలను కట్టెకు బిగించి ఉంచేది ఒక చిన్న ఇనుప చీల. అది తుప్పుతో కట్టెలో కలిసిపోయింది. కట్టె పగులుతుందేమోనని తాత దాన్ని ఏనాడూ కదిలించలేదు. పెద్దాయన కిరసనాయిలు చుక్కలు వేసి, కాసేపు ఆగి, చెక్క సుత్తితో తట్టాడు. మళ్ళీ వేశాడు, మళ్ళీ తట్టాడు. చీల ఊడింది. నాళాలు రెండూ కట్టెలోంచి లేచి వచ్చాయి.

వాటితోపాటు బల్ల మీద పసుపు రాలింది. పసుపూ, కుంకుమా, ఎండి గట్టిపడి, పెచ్చులు పెచ్చులుగా. ఏళ్ళ తరబడి పండగకు పెట్టిన బొట్లన్నీ నీళ్ళతో కారి ఆ సందులోకి చేరి అక్కడే ఉండిపోయాయి. "తుపాకా, తులసికోటా?" అని గొణుక్కుంటూ పెద్దాయన నాళాల అడుగుభాగం గుడ్డతో తుడిచాడు. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాడు. ముక్కు మీది కళ్ళజోడు తీసి మెడలోది పెట్టుకున్నాడు. భూతద్దం తీశాడు.

మేమూ వంగి చూశాం. పైభాగం వెండిగిన్నెలా తెల్లగా ఉంది, అడుగున మాత్రం ఇనుము ముదురు గోధుమరంగులో ఉంది. ఆ రంగులో సన్నటి చారలు, మెలికలు తిరుగుతూ, ఒకదాని వెంట ఒకటి. నిండిన చెరువు మీద గాలి పోతే లేచే అలల్లా ఉన్నాయి. మా ఇంట్లో ఇన్నేళ్ళు గోడకు వేలాడిన వస్తువులో ఇంత నీరు దాగి ఉందని ఎవరికీ తెలియదు.

"ఇనుమూ ఉక్కూ కలిపి పేని చేసిన నాళాలు" అన్నాడాయన, గొంతు తగ్గించి. "ఈ చారల్ని సూసి నేను చెప్పను. ఇట్లాంటివి మన దేశంలో కూడా చేస్తారు. ఇవి సూడండి."

మందు కాలేచోట, కట్టె లోపలికి పోయే భాగంలో, చిన్న చిన్న ముద్రలు ఉన్నాయి. కిరీటం లాంటివి, దాని కింద అక్షరాలు అల్లుకుని. ఇంగ్లాండులో ప్రతి నాళాన్నీ అమ్మకముందు మామూలు కంటే ఎక్కువ మందు కూరి కాల్చి చూస్తారట. పగలకపోతేనే ఈ ముద్ర కొడతారట.

"లండన్ ముద్రే. ఇది దొర సరుకేనమ్మా. సందేహం లేదు."

"ఇదీ దొంగ ముద్ర కాదు గదా?" అన్నాను నేను. అవ్వ అడగలేక నా వైపు చూస్తోంది.

"దొంగపేరు చెక్కేటోడు పైన చెక్కుతాడు, అందరికీ కనపడాలని. కట్టె కింద ఎవురూ సూడని చోట ఇంత పని ఎవుడు చేస్తాడు పాపా?" తర్వాత నాళాల పైభాగం నిమిరి ఉసూరుమన్నాడు. "ఈడ పేరు ఉండింటే దీన్ని అద్దాల బీరువాలో పెట్టుకునేటోళ్ళు ఉండారు. అడిగినంత ఇస్తారు. ఎవురో పాపిష్టోళ్ళు సానరాయితో గీకేసినారు."

"నేనేలేప్పా ఆ పాపిష్టిదాన్ని" అంది అవ్వ.

అవ్వ బొటనవేలితో ఆ ముద్ర తడిమింది. చంటిబిడ్డ బుగ్గ నిమిరినట్టు కాదు, సంతలో గింజ నలిపి చూసినట్టు, గట్టిగా తడిమింది. "ఇది అరిగిపోదు గదా?" అని అడిగింది. పోదన్నాడు. అప్పుడు ఏడ్చింది. కళ్ళు తుడుచుకోకుండా, శబ్దం లేకుండా. నష్టం తలుచుకుని ఏడుస్తోందనుకుని పెద్దాయన మంచినీళ్ళు తెప్పించాడు.

అంతలో నాయన చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. అవ్వ లేచి నిలబడి, దుకాణమంతా వినబడేలా అంది.

"ఒరే, మీ నాయన మోసం పోలేదురా!"

నాయన అయోమయంగా చూశాడు. "పోయినాడని ఎవురన్న్యారుమా?"

ఎవరూ అనలేదు. ఆ అనుమానం ఆయన దాకా రానేలేదు. ఇద్దరు మనుషులు ఒకరికొకరు తెలియకుండా, ఒకరి కోసం ఒకరు, ఒక జీవితకాలం మోసిన బరువది.

ఆ తర్వాత అవ్వ అడ్డు చెప్పలేదు. ఇన్నాళ్ళూ చూపించనన్నదే గానీ ఆమెకు ఆ తుపాకి మీద మోజు లేదని అప్పుడు అర్థమైంది. అమ్మేయమంది. పేరు లేని దొర సరుకుకు పెద్దాయన కట్టిన ధరకు ఇంకో బోరు పడలేదు, కాసులదండా రాలేదు. నాయన రెండు రోజులు మొహం వేలాడేసుకున్నాడు. అవ్వ దుకాణంలోంచి తెచ్చుకుంది ఒక్కటే. బల్ల మీద రాలిన పసుపు పెచ్చుల్ని చేత్తో ఊడ్చి కొంగున ముడేసుకుంది.

తిరుగు బస్సు దిగాక ఇంటికి రాలేదు. నేరుగా చేనికి నడిచింది, నేను వెనకాల. పొద్దు వాలుతోంది. పీకేసిన శెనక్కాయ చేను మెత్తగా కాళ్ళకు తగులుతోంది. దూరాన కొండల మీద మబ్బు ఒకటి నిలబడి ఉంది. అవ్వ సమాధి పక్కన చతికిలబడి, ముడి విప్పి, ఆ పసుపును ఉమ్మితో తడిపి రాతికి బొట్టు పెట్టింది. ఆయన అరుగు మీద కూచుని ఉన్నప్పుడు ఎలా మాట్లాడేదో అలాగే మొదలుపెట్టింది.

"ఇంటాండావా? ఆ ఇన్‌స్పెక్టరు నాకొడుక్కి ఏమీ తెల్దంట. నీ తుపాకి లండన్‌దే. కట్టె కింద రాసుండాది, నా యేలుతో నేను సూసినా."

కొంగులో మిగిలిన పొడిని రాతి మీద దులిపింది.

"నువ్వన్నా ఆ పొద్దు నాకు చెప్పుకోని ఏడ్చింటే బాగుండు. నేనన్నా ఇన్న్యానని చెప్పింటే బాగుండు. ఇద్దరమూ నోరు మూసుకోని, మంచి పేరు చేతులారా గీకేస్తిమి."